అప్పన్న పూయించిన తెల్ల లిల్లీ

ఇన్నేళ్లూ ఎవరైనా నా తోటను మెచ్చుకుంటే గుండె మీద రుబ్బురోలు పెట్టినట్టు ఉండేది. ఈరోజు మీ ముందు దించేస్తున్నాను. భయంతో కాదు, ఇప్పుడైనా చెప్పేస్తున్నానన్న ఆత్రంతో.

గంజాం మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో కలిసిన రోజులవి. బరంపురంలో నేను బడిపంతులుని. మా బడి తోటమాలి అప్పన్న. వాళ్లది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబం. కాలు విరిగాక అతను ఒడ్డున మిగిలిపోయి మట్టిపని పట్టుకున్నాడు. మా ఇద్దరికీ ఒకటే పిచ్చి, లిల్లీలు. వాన పడిన మర్నాడు గుంపుగా లేచే గులాబి రంగువి, సాలీడు కాళ్లలా రేకులు చాచే తెల్లవి, బాకాల్లా విచ్చుకునే పెద్ద ఎర్రవి! కొత్త రకం ఉందంటే భంజనగర్ దాకా అయినా పోయేవాళ్లం.

ఎర్ర లిల్లీ పుప్పొడిని కోడి ఈకతో తెల్లచారల లిల్లీకి అద్ది, గింజ కట్టించి, మొలకలు పెంచాడు అప్పన్న. దుంప ఊరి పూతకు రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఒకదానికి మొదటి మొగ్గ తలెత్తగానే, పాత్రపూర్‌లో కూతురికి పురుడని కబురొచ్చింది. ఆ కుండీ నాకు అప్పగించి వెళ్లాడు.

మూడో రోజు పొద్దున్నే విచ్చుకుంది. అబ్బ! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పాల తెలుపు రేకులు, లోపల లేతాకుపచ్చ, అంచు పొడుగునా కుంకుమ గీత. పెరట్లో గంతులేశాను. ఆ వారమే ఊళ్లో పూల పోటీ. అప్పన్న కోసమే తీసుకెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా నమ్మానా? పేర్లు రాసుకునే బల్ల దగ్గర గుమాస్తా ఎవరిదని అడిగితే, నాది అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. మొదటి బహుమతి నాకే. చప్పట్లు మోగుతుంటే సిగ్గుపడ్డానా? లేదు. ఆనందంతో ఊగిపోయాను. అది దాచిపెడితే ఇదంతా రాసి లాభం లేదు.

ఇంటికొచ్చి ఆ దుంపను నా మడిలో నాటుకున్నాను. అతని కుండీలో మామూలు ఎర్ర లిల్లీ దుంప పెట్టాను. నెల తర్వాత అప్పన్న కుంటుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మనవరాలు పుట్టినాది మేష్టారూ! మరి నా దుంప సంగతేటి? పూసినాదా?"

"పూసింది అప్పన్నా. మామూలు ఎరుపే."

"ఎరుపేనా..." కుండీ అంచు నిమిరాడు. "పుప్పొడి సరిగ్గా అంటనేదు కామోసు. నాలుగేళ్లు కదేటి. ఇంక నా వల్ల కాదు మేష్టారూ. ఒగ్గేత్తాను."

అన్నంత పనీ చేశాడు. తన గుడిసె వెనక ఇంకా పూతకు రాని మిగతా మొక్కలన్నీ పీకి ఎరువు గుంటలో పడేశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ఒక్క మాట అంటే ఆగేవాడు. అనలేదు.

మరుసటి ఏడు నా పెరట్లో తెల్ల లిల్లీ మళ్లీ పూసింది. అప్పన్న వచ్చి వంగి, పువ్వు లోపలికి చాలాసేపు చూశాడు. కుంటుకుంటూ వెళ్లిపోయాడు. గుర్తుపట్టాడా? ఎన్నడూ చూడని పువ్వును ఎలా గుర్తుపడతాడని ధైర్యం చెప్పుకున్నాను గానీ, నాలుగేళ్లు దాన్నే కలగన్నవాడికి తెలియకుండా ఉంటుందా? అడుగుదామంటే ఇప్పుడు అతను లేడు.

దాని పిలకలు ఊళ్లో ఎన్నో ఇళ్లలో పంతులుగారి లిల్లీ అన్న పేరుతో పూస్తున్నాయి. మీ ఇంట్లోనూ ఉందేమో. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ వినండి. దాన్ని పుట్టించింది అప్పన్న. నేను దొంగిలించాను. రాసేశాను! ఇంకోసారి రాయాలనిపిస్తోంది: అది అప్పన్న లిల్లీ.