బావమరిది కొండకత్తి

మహేంద్రగిరి ఎక్కడానికి మా బావమరిదికి బూట్లు దొరికాయి, వీపుసంచి దొరికింది, సెలవూ దొరికింది. కత్తే దొరకలేదు. నరసన్నపేట ఇనుప కొట్లన్నిట్లోనూ మూడు నెలలు పెళ్లిచూపులు చూశాడు. ఒకటి బరువు, ఒకటి పొట్టి, ఇంకోదాని పిడి వాణ్ణి చూసి నవ్వుతోందట. కొట్టాయన కత్తి అందిస్తే మాత్రం చేతులు వెనక్కి దాచేసేవాడు. "సేతికియ్యకు మావా, గొడవలొస్తాయి. కింద ఎట్టు!" ఆయన కింద పెట్టేవాడు, వీడు వంగి తీసుకునేవాడు. కొండ ఎక్కకముందే ఇద్దరికీ నడుములు పట్టేశాయి.

చివరికి కమ్మరి దగ్గర కూర్చుని చేయించుకున్నాడు. ఆ పదునుకి ఈగలు కూడా దూరంగా చుట్టు తిరిగి వెళ్లేవి.

వాడికి తోడుగా నేనూ వెళ్లాను. కొండమీద మధ్యాహ్నానికి మా ఇద్దరికీ మిగిలిన తిండి ఒక్క పనసపండు. ఆకలికి నాకు వాడి తల కూడా పనసపండులాగే కనిపిస్తోంది.

"కత్తి ఇటియ్యరా," అని చెయ్యి చాచాను.

"తప్పు బావా! మనిద్దరికీ సెడితే మా అప్ప ఎటేపు మాటాడతాది?" అంటూ వాడు కత్తిని ఏటవాలు బండమీద భక్తిగా పెట్టాడు. అది జర్రున జారి, లోయ అడుగున ఎక్కడో ఠంగుమంది.

పనసపండుని రాయితో బాదుతూ, కొండ దిగేదాకా ఒకరినొకరం మూడు తరాలు తిట్టుకున్నాం. కింద బస్సెక్కాక వాడు గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

"కింద ఎడితేనే ఇంత గొడవైనాది. అదే సేతికిచ్చుంటే సంపుకుందుము బావా!"