మంత్రి దండపాణి ఇచ్చుకున్న అర్జీ

బుచ్చిరాములు మా డిపార్ట్‌మెంట్‌లో పందొమ్మిదేళ్లుగా తాత్కాలిక అటెండరు. పందొమ్మిదేళ్ల తాత్కాలికం ఏమిటని బయటివాళ్లు అడుగుతారు, యూనివర్సిటీలో ఎవరూ అడగరు. ఏటా మార్చి ముప్పై ఒకటిన ఆయన కాంట్రాక్టు ముగుస్తుంది. ఏప్రిల్ రెండున కొత్తది మొదలవుతుంది. మధ్యలో ఒక్కరోజు ఆయన నిరుద్యోగి. ఆ ఒక్కరోజు తెంపకపోతే ఎడతెగకుండా పనిచేసినట్టు లెక్కకు వస్తుందట, అలా పనిచేసినవాడు రేపు పర్మినెంట్ చేయమని అడుగుతాడట. ఇంత ముందుచూపు మావాళ్లకు ఇంకే విషయంలోనూ లేదు. తాళాలగుత్తి మాత్రం ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి, ఏప్రిల్ ఒకటిన కూడా ఆ నిరుద్యోగే వచ్చి తలుపులు తీస్తాడు.

నేను అక్కడే పార్ట్‌టైమ్ లెక్చరర్ని. పేరు జ్యోతిర్మయి, మకాం తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్ పైన. పార్ట్‌టైమ్ అంటే పాఠాలు రోజూ ఉంటాయి, జీతం వచ్చినప్పుడు వస్తుంది. అందుకే ఒక టీవీ చానల్‌కి ‘మంత్రిగారి వాకిలి’ అనే వ్యంగ్య నాటకం రాస్తున్నాను, వారానికొక భాగం. ప్రభుత్వాన్ని చీల్చి చెండాడాలని చానల్ వాళ్లు నాతో అన్నారు. చెండాడే ముందు స్క్రిప్టు వాళ్ల లాయరుకు చూపించాలి. నాటకంలో మంత్రి మెడలో ఏ పార్టీ కండువా రంగూ ఉండకూడదన్నది లాయరుగారి మొదటి షరతు. గులాబీ, కాషాయం, పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, మూడు రంగులు కలిసినవి, అన్నింటికీ యజమానులున్నారు. రెండు మీటింగుల తర్వాత కాఫీపొడి రంగు ఖాయమైంది.

మొదటి షూటింగు మా డిపార్ట్‌మెంట్‌లోనే పెట్టారు. రాతి స్తంభాలు, ఎత్తు కప్పు, దుమ్ము పట్టిన ఫైళ్లు ఉన్నాయి కాబట్టి సెట్టింగు ఖర్చు తప్పింది. మంత్రి దండపాణి వేషం వేయాల్సిన నటుడు రాలేదు. ఇంకో సీరియల్లో ఆయన చనిపోయే సీను మధ్యాహ్నం దాకా సాగిందట. డైరెక్టరు సూర్యనారాయణ, సరే అని, అసిస్టెంటును కూర్చోబెట్టి రిహార్సల్ మొదలుపెట్టాడు. మూలన నిలబడ్డ బుచ్చిరాములు కాసేపు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత ఆయన వల్ల కాలేదు.

“సార్, మంత్రి ఛాయ్ గట్ల తాగడు.”

“మరెట్లా తాగుతాడు?”

“సగమే తాగుతడు సార్. మొత్తం తాగితే ఇంట్ల ఛాయ్ దొర్కనోడు అనుకుంటరు. ఆరుగురు మంత్రులకు ఇచ్చిన నేను. ఆరు కప్పులు సగం సగమే ఎనుకకొచ్చినయి. అర్జీ గూడ గట్ల సదువడు. కుడిచేత్తోని తీసుకుంటడు, ఇచ్చినోని భుజం తడ్తడు, కాయితం ఎడమచేతిలకు మార్చి ఎనుకకు సాపుతడు. తిరిగి సూడడు. ఎనుక పీఏ ఉంటడు గద.”

సూర్యనారాయణ అక్కడికక్కడే కాఫీపొడి కండువా తీసి ఆయన మెడలో వేశాడు.

ఆ వెనక్కి చాపే చెయ్యి రాష్ట్రమంతా తిరిగింది. నల్లకుంట మార్కెట్లో వంకాయలమ్మే ఆవిడ ఆయనకు సంచిని అలాగే, అటు తిరిగి అందించేది. ఆయన ఉండే వారాసిగూడలో ఇరుగుపొరుగువాళ్లు డ్రైనేజీ గురించి ఆయనకే చెప్పుకునేవారు, సగం వేళాకోళం, సగం నిజం. ఆయన భార్య భారతమ్మకు మాత్రం మంత్రిగారి మీద ఏ భ్రమలూ లేవు. “ఊరందరికి మంత్రివైతివి. ఇంట్ల నల్లా కారవట్టి ఆర్నెల్లాయె, దానికి గూడ హామీ ఇస్తవా?” అనేది.

ఇక నేను. కేసు పెడతారేమోనని భయపడ్డాను. పెట్టకపోయేసరికి అవమానంగా అనిపించింది. ఇప్పుడు అధికారంలో ఉన్నవాళ్లు అది దిగిపోయినవాళ్ల గురించి అనుకున్నారు. దిగిపోయినవాళ్లు ఇప్పుడున్నవాళ్ల గురించి అనుకున్నారు. ఇద్దరూ వాట్సాప్‌లో పంచుకుని కడుపుబ్బ నవ్వుకున్నారు. ఒక్క దిష్టిబొమ్మ తగలబడలేదు. పైగా ప్రతి భాగంలో దండపాణితో నేనొక మాట చెప్పించేదాన్ని: “కాంట్రాక్టోళ్లందర్ని వంద రోజులల్ల పర్మినెంట్ చేస్త!” పందొమ్మిదేళ్ల కాంట్రాక్టు మనిషి నోట ఆ మాట, అబ్బ, ఎంత గొప్ప చమత్కారం రాశానని మురిసిపోయాను. ఆ మాట చెప్పాక ఆయనకు ఎలా ఉండేదో ఒక్కసారీ అడగలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

వచ్చే ఆగస్టుకు బుచ్చిరాములుకు అరవై నిండుతాయి. ఆలోపు పర్మినెంట్ అయితే పెన్షన్ ఉంటుంది. కాకపోతే ఒక దండ, ఒక గ్రూప్ ఫోటో.

మార్చి రెండోవారంలో, అప్పటికే రెండుసార్లు ప్రారంభమైన మా కొత్త భవనాన్ని మూడోసారి ప్రారంభించడానికి అసలు మంత్రిగారు వస్తున్నారని తెలిసింది. దండపాణిని చూడాలని ఆయన ముచ్చటపడుతున్నారట. కాంట్రాక్టు ఉద్యోగుల సంఘం నాయకుడు దయాకర్ పరుగున వచ్చాడు.

“అన్నా, మేం పదిసార్లు అర్జీ ఇచ్చినం, ఎవడు సదువలే. నువ్వంటే మంత్రికి పానం. నీ చేతులకెల్లి తీసుకుంటే ఆగి సదువుతడు.”

నాకూ నిజమేననిపించింది. అర్జీ నేనే రాశాను. రెండువందల పన్నెండు పేర్లలో మొదటి పేరు బుచ్చిరాములుదే. ముందురోజు ఆయన నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“మేడమ్, రేపు దండపాణి లెక్క మాట్లాడొద్దు గద?”

“అస్సలొద్దు రాములన్నా. నీ లెక్కనే మాట్లాడు.”

“నా లెక్క మంత్రి ముంగట ఎన్నడు మాట్లాడలే మేడమ్. ‘ఛాయ్ సార్’ అన్న, గంతే.”

మంత్రిగారు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. రిబ్బను కత్తిరించి వేదికెక్కి, “ఏడి మా దండపాణి?” అని తానే పిలిచారు. తనకు కప్పిన శాలువా తీసి ఆయనకు కప్పారు. బుచ్చిరాములు రెండు చేతులతో అర్జీ పట్టుకుని మైకు ముందు నిలబడ్డాడు.

“సార్, నేను దండపాణిని కాదు. బుచ్చిరాములును, అటెండర్ను. పందొమ్మిదేండ్లాయె. ఆగస్టుకు అరవై నిండుతయి. ఆలోపట పర్మినెంట్ చేయుండ్రి సార్. నా ఒక్కనిదే కాదు, రెండువందల పన్నెండు మందిమి ఉన్నం.”

హాలు గొల్లున నవ్వింది. మంత్రిగారు కండువాతో కళ్లు తుడుచుకుంటూ, “ఏం యాక్టింగ్ అయ్యా! ఏడ్పిస్తవా ఏంది?” అన్నారు.

“యాక్టింగ్ కాదు సార్.”

దానికి ఇంకా నవ్వారు. వెనక వరసలో నిలబడ్డ కాంట్రాక్టు ఉద్యోగులు కూడా అలవాటు కొద్దీ నవ్వారు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, నా పెదవులు కూడా కదిలాయి.

“నీ సీను నేను చేస్త సూడు,” అన్నారు మంత్రిగారు. కుడిచేత్తో అర్జీ తీసుకున్నారు, భుజం తట్టారు, ఎడమచేతికి మార్చి వెనక్కి చాపారు. అచ్చం దండపాణే. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కానీ వెనక పీఏ లేడు. ఫోన్లో వీడియో తీయడానికి ముందుకొచ్చి నిలబడ్డాడు. అర్జీ కింద పడింది. వెనక్కి చూడకపోవడమే పద్ధతి కాబట్టి మంత్రిగారు చూడలేదు. దిగి వెళ్లిపోయారు, ఆయన వెనకాల వచ్చినవాళ్లు దాన్ని తొక్కుకుంటూ వెళ్లారు.

మంత్రులు వెళ్లాక వేదిక సర్దడం అటెండరు పని. బుచ్చిరాములు దండలు ఏరాడు. అర్జీ తీసి, బూటు మరకను శాలువా కొంగుతో తుడిచాడు. తర్వాత మంత్రిగారి ఛాయ్ కప్పు తీసి నాకు చూపించాడు.

“సగమే తాగిండు మేడమ్.”

నాకు ఏడుపొచ్చింది. ఆయనకు రాలేదు.

ఏప్రిల్ ఒకటి. ఏటా లాగే తలుపులు తీసి ఉంటాయనుకుంటూ వెళ్లేసరికి డిపార్ట్‌మెంట్ ముందు అందరూ వరండాలో నిలబడి ఉన్నారు. తలుపులకు తాళం. పదకొండింటికి ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తోంది. హెడ్డు శశిభూషణ్ గారు స్పీకర్ పెట్టి ఫోన్ చేస్తున్నారు.

“రాములూ, ఏడున్నవ్? తాళాలేవి?”

“నా దగ్గర్నే ఉన్నయి సార్. నల్లా బాగుచేస్తున్న.”

“ఇప్పుడు నల్లా ఏంది? జల్ది రా!”

“ఇయ్యాల నేను మీ తాన పనిల లేను గద సార్. ఉన్నట్టు ఒక్క కాయితం రాసి సంతకం పెట్టుండ్రి, వచ్చి తీస్త.”

హెడ్డుగారికి విషయం అర్థమైంది. ఏప్రిల్ ఒకటిన పనిలో ఉన్నట్టు కాగితం పుడితే, తెంపిన తాడు ముడిపడుతుంది.

“రేపు నిన్ను తీసుకోవాల్నో వద్దో నేను చూసుకుంటా!”

“సూసుకోండ్రి సార్. ఆగస్టు దాకనే గద.”

ఫోన్ పెట్టేశాడు. తాళం పగలగొడదామని ఎవరో అన్నారు. ఢిల్లీవాళ్లకు పగిలిన తాళమా చూపించేది అని ఇంకెవరో అన్నారు. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. నేను సంచిలోంచి తెల్లకాగితం తీసి, ‘ఈ రోజు, ఏప్రిల్ ఒకటిన, శ్రీ బుచ్చిరాములు విధుల్లో ఉన్నారు’ అని రాసి హెడ్డుగారికి అందించాను. ఆయన కుడిచేత్తో తీసుకున్నారు. చదవలేదు. ఎడమచేతికి మార్చి, చూడకుండా వెనక్కి చాపారు.

నేను చుట్టూ తిరిగి ఆయన వెనక్కి వెళ్లాను. కాగితం తీసుకోలేదు. పెన్ను మూత తీసి ఆ చేతిలోనే పెట్టాను. సంతకం పడ్డాక రాములన్నకు ఫోన్ చేశాను.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా వారాసిగూడ నుంచి వచ్చిన ఆటో ఆగింది. బుచ్చిరాములు దిగి, తడి చేతులు చొక్కాకు తుడుచుకుని, కాగితం అందుకున్నాడు. అందరూ తొందరపెడుతున్నా, పై నుంచి కింద సంతకం దాకా ఒక్కో అక్షరం చదువుకున్నాడు. ఆ తర్వాతే తాళం తీశాడు.