ముప్పైయొకటో బిళ్ల

ఆదివారం మధ్యాహ్నం. పెరట్లో మా ఆవిడ ఇత్తడి బిందెను చింతపండుతో తోముతోంది. ముందుగదిలో మా అమ్మాయి టీవీలో సినిమా చూస్తోంది. ఊరంతా దండం పెట్టే ఒక పెద్దమనిషి ఒకరి తర్వాత ఒకరిగా మనుషుల్ని చంపుతుంటాడు. నిజంగా జరిగిన కథేనట. "ఏంది నాన్నా, గంటయింది, ఇంకా ఎవరికీ అనుమానం రాల్యా" అంది విసుగ్గా. జరిగేది అలాగేనమ్మా అన్నాను. అప్పుడే తోమిన ఇత్తడి వాసన పెరటి గుమ్మం దాటి వచ్చింది. లేచి వెళ్లి వీధి అరుగు మీద కూర్చున్నాను. ఇరవై ఏళ్లయినా ఆ వాసన తగిలితే నాకు నాగభూషణం సారు గుర్తొస్తారు.

ఆదోనిలో నేను పనిచేసిన పత్తి మిల్లుకు ఆయన మేనేజరు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. నందవరం దగ్గరి పల్లె నుంచి వచ్చి గేటు దగ్గర కూలీల హాజరు చూసేవాణ్ణి. ఏడో తరగతితో బడి ఆగిపోయినా లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. సరిచూసుకోవడం మాత్రం ఆయన నేర్పారు. ఒకరోజు బేళ్ల లెక్కలో ఒకటి తగ్గితే మోసినవాళ్ల మీద అరిచాను. ఆయన నన్ను పక్కకు పిలిచారు. "వాళ్లనెందుకంటావప్పా ఈరేశూ? లెక్క తప్పితే ముందు మన దగ్గర ఎతకాల. ఎదుటోళ్లు ఆనక" అన్నారు. వెతికాను. తప్పు నాదే, ఒక వరస రాయడం మరిచాను. అంతవరకు నాతో అంత మెత్తగా మాట్లాడి తప్పు చూపించినవాళ్లు లేరు. ఎండాకాలంలో కూలి ఆడవాళ్లకు స్వయంగా మజ్జిగ పోసేవారు. అందరినీ అమ్మా అనే పిలిచేవారు. పొద్దుపోతే స్కూటరు మీద రైలు స్టేషను దాకా దింపి వచ్చేవారు. ఆ మనిషిలా ఉండాలని నేను చొక్కా కూడా తెల్లదే కుట్టించుకున్నాను.

పొద్దున లోపలికొచ్చే ప్రతి ఆడమనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఇచ్చి, సాయంత్రం తిరిగి తీసుకుని గేటుగదిలో చెక్కకు తగిలించడం నా పని. నలభై బిళ్లలు, నలభై మేకులు. హాలహర్వి వైపు నుంచి వచ్చి ఒంటరిగా గుడిసెలో ఉండే మాదేవమ్మ ఎప్పుడూ ముప్పైయొకటే అడిగేది. "అది నాది. ఇంకెవరికన్నా ఇచ్చినావంటే సూడు" అని బెదిరించేది. "అంత గొప్పేముందమ్మా దాంట్లో?" అంటే, "మా ఇంట్లో నన్నెవరూ ఒకటి కింద కూడా ఎంచలేదన్నా. ఈడ ముప్పైయొకటి" అని నవ్వేది.

ఒక ఏడాదిలో రెండుసార్లు సాయంత్రం ఒక బిళ్ల తక్కువొచ్చింది. సారుకు చెప్పాను. "మళ్లా ఎంచు" అన్నారు. మరునాడు పొద్దున చూస్తే బిళ్ల మేకుకే ఉంది. దాన్ని తీసుకున్న మనిషి మాత్రం మళ్లీ రాలేదు. "సుగ్గికి పోయింటాది లేప్పా" అన్నారు. మా వైపు అది నమ్మే మాటే. కోసిగి చుట్టుపక్కల ఇళ్లకు తాళాలేసి, పిల్లాజెల్లా సుగ్గికని మిరపకోతలకు దూరం పోతారు. మనిషి కనబడకపోతే ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. నేనే లెక్క తప్పాననుకున్నాను.

మూడోసారి మాదేవమ్మ. సోమవారం సాయంత్రం ముప్పైయొకటో మేకు ఖాళీ. మంగళవారం పొద్దున బిళ్ల ఉంది, మనిషి రాలేదు. మిగతావన్నీ చెమటకూ గింజల నూనెకూ నల్లబడి ఉంటే, అదొక్కటే కొత్తదానిలా మెరుస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చింతపండు. గేటుగదికి తాళంచెవులు రెండే, ఒకటి నాది, ఒకటి సారుది. సోమవారం పొద్దునే మాదేవమ్మ, "బుధవారం రానన్నా, మేక ఈనుతాది" అని చెప్పింది. బుధవారానికి సెలవడిగిన మనిషి సోమవారం సుగ్గికి పోదు.

లెక్క అంతే. పిల్లలు కూడా చేయగలరు. కానీ నేను ఆయన నేర్పినట్టే చేశాను, తప్పు ముందు నా దగ్గర వెతికాను. నేనే తుడిచి మరిచానేమో, ఆమె నా చేతికే ఇచ్చిందేమో. శనివారం పొద్దున ఇంకో బిళ్ల మెరిసింది. కోసిగి నుంచి వచ్చే లక్ష్మిది, శుక్రవారం సాయంత్రం తిరిగి రానిది. అప్పుడు కూడా రెండు రోజులు పట్టింది నాకు. సోమవారం పోలీసు స్టేషనుకు పోయాను. "ఇత్తడి మెరిసిందని మేనేజరు మీద చెప్పేకి వచ్చినావా?" అన్నాడు ఎస్సై. నాలుగు పేర్లు, నాలుగు బిళ్లలు, రెండు తాళంచెవులు, కాగితం మీద వరసగా రాసి ఇచ్చాను. రెండుసార్లు చదివి టోపీ పెట్టుకున్నాడు. మిల్లు వెనక పాత గోడౌను నేల తవ్వారు. నలుగురూ అక్కడే ఉన్నారు.

దొరకకుండా ఉండాలంటే ఆ బిళ్లల్ని ఏ బావిలోనో పడేస్తే సరిపోయేది. చెక్క మీద ఒక మేకు ఖాళీగా ఉండటం ఆయన ఓర్చుకోలేకపోయారు. కోర్టు వరండాలో పోలీసుల మధ్య నా ముందు నుంచే నడిచి వెళుతూ ఆగి, "బాగ సరిచూసినావప్పా" అన్నారు. బేళ్ల రోజున మాట్లాడిన గొంతే. నా చేతులు దండానికి సగం లేచాయి. ఈ మాటలు రాస్తున్నప్పుడు కూడా 'అన్నాడు' అని రాయలేకపోతున్నాను. సినిమాలో చివరికి ఏదో కారణం చెప్పారట. మాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒక వేరుశనగ మిల్లు గేటు దగ్గర కూర్చుంటాను. సాయంత్రం మనుషుల్ని పేరు పెట్టి పిలిచి, మొహం చూసి పంపిస్తాను. ఎవరైనా రెండు రోజులు రాకపోతే, "సుగ్గికి పోయిందిలేన్నా" అన్నా వదలను. ఏ ఊరికి, ఎవరితో, ఫోను నంబరెంత అని అడుగుతాను. "నీ పెండ్లాన్ని కూడా ఇంత ఇచారిస్తావా?" అని నవ్వుతారు. నవ్వనిస్తాను. ఫోనులో ఆ మనిషి గొంతు వినపడ్డాకే గేటు మూస్తాను.

తప్పు ముందు నా దగ్గరే వెతకడం మాత్రం మానలేకపోయాను. ప్రతిసారీ దొరుకుతుంది. మాదేవమ్మ బిళ్ల మెరిసిన మంగళవారానికే నాకు తెలుసు. శుక్రవారం పొద్దున పన్నెండో బిళ్ల లక్ష్మి చేతిలో పెట్టింది నేనే.