సబ్బు రుద్దిన ట్యాంకు

మా అమ్మమ్మ వర్లీన్‌కి కప్పలంటే పరమ రోత. అయినా అరిజోనాలో మా కొండ కింద మచ్చల కప్పలకు ఆవిడే దిక్కు. ఆ జాతి అంతరించిపోతోందని వన్యప్రాణి శాఖవాళ్లు వచ్చి ఒప్పందం రాయించుకున్నారు. మా పశువుల ట్యాంకులో కప్పల్ని బతకనివ్వాలి, నీళ్లు ఎండితే వేరేచోటికి మార్చాలి. అందుకు బదులుగా ఆవులు తొక్కినా, ట్యాంకు శుభ్రం చేస్తుండగా ఒకటీ అరా చచ్చినా మామీద కేసుండదు.

మా వైపు ట్యాంకంటే మట్టికట్ట వేసి తవ్విన కుంట. ఇనపదైతే తొట్టి.

ఆ జూన్‌లో కుంట అడుగంటి, చీమిడిలాంటి పచ్చబురద మిగిలింది. కుళ్లు కంపు. ఓ దూడ అందులో దిగబడి చచ్చి ఉబ్బింది. వానలు పడేలోగా పూడిక తీయకపోతే నీళ్లు నిలవవు, మందను అమ్ముకోవాల్సిందే.

తవ్వే బండి తెప్పించామో లేదో, బోస్టన్ నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఆ శాఖ అధికారి ప్రెస్టన్ అడ్డం నిలబడ్డాడు.

"ట్యాంకు శుభ్రానికే అనుమతుందమ్మా. ట్యాంకు అదిగో," అని ఇనప తొట్టి చూపించాడు.

"అది తొట్టి బాబూ. ట్యాంకు ఇది."

"ఇది చెరువండీ. దీనికి వేరే అనుమతి కావాలి. చలికాలానికి రావచ్చు."

"అందాకా నా ఆవులు మీ ఆఫీసుకొచ్చి తాగుతాయా?"

అతను ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మమ్మ బూట్లతోనే బురదలో దిగింది. ఒక్కో కప్పనీ పట్టడం, ఓక్‌మనడం, ఉమ్మడం. ఒకటి చొక్కాలో దూరింది.

"ముద్దు పెట్టు అమ్మమ్మా, రాకుమారుడవుతాడేమో!" అన్నాను.

"ముందు నీ మూతి పగలగొడతా! బకెట్ పట్టుకో!"

కప్పలన్నిటినీ ఇనప తొట్టిలో కుమ్మరించింది. ఇంట్లోకెళ్లి సబ్బుపొడీ, గరుకు బ్రష్షూ తెచ్చింది.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు ప్రెస్టన్.

"ట్యాంకు శుభ్రం. నువ్వే అనుమతి ఉందన్నావుగా. ఒకటీ అరా చచ్చినా ఫర్లేదంట."

గుప్పెడు పొడి తీసి తొట్టిలో కప్పల మీదికి చెయ్యెత్తింది. అతని మొహం పాలిపోయింది.

"ఆగండి! ట్యాంకు... అదేనండీ! ఆ మట్టిదే!"

"గట్టిగా చెప్పు, బండివాడికి వినపడాలి."

అరిచి చెప్పాడు. బండి కదిలింది.

వానలకు కుంట నిండింది. మేం తిరిగి వదిలిన కప్పలు గట్టు కింద చేరి గురక పెట్టినట్టు అరుస్తున్నాయి. అమ్మమ్మ మాత్రం, తన వేళ్లు వాసన చూసుకుంటూ, "థూ, వెధవ జిగురు!" అని ఇంకా ఆ తొట్టి తోముతూనే ఉంది.