కాల్హేర్ ఖాడీలో పడవలు దింపిన దేవదానం బావ

మా అక్క భర్త దేవదానం గత గురువారం ఉదయం గుండెజబ్బుతో ఆసుపత్రిలో కన్నుమూశాడు. మా కనేరి బస్తీలో మరమగ్గాలకు నూలు కండెలు చుడుతుండగా ఆ దుర్వార్త నా చెవిన పడింది. ఇంత త్వరగా పోతాడనుకోలేదు గనుక నిర్ఘాంతపోయాను. దుఃఖించానంటే మాత్రం అబద్ధం. సంస్మరణ కూటంలో చదవడానికి నాలుగు మంచిమాటలు రాయమని అక్క అడిగింది. ఉన్నమాటే రాస్తున్నాను.

ఆయనది అద్వితీయమైన నైపుణ్యం. జీపు వెనక ట్రాలీ, దానిమీద ఇసుక తోడించే సేటు పడవ. గుంతల రోడ్డు మీద కాల్హేర్ ఖాడీ దాకా, అంటే ఆ ఉప్పునీటి పాయ దాకా, లాక్కుపోయినా పడవకు గీత పడేది కాదు. ఒడ్డు వాలులో ఒక్క రివర్సుతో ట్రాలీని నీళ్లలోకి దింపేవాడు. "ట్రాలీ ఎడమకు పోవాల్నంటే స్టీరింగు కుడికి తిప్పాలె. గీమాత్రం తెల్వనోడు జీపెక్కద్దు" అని తోటి డ్రైవర్లను నలుగురిలో చులకన చేసేవాడు.

తప్పు ఒప్పుకోవడం ఆయన స్వభావంలో లేదు. ఒకసారి పడవ అంచు కరెంటు స్తంభానికి రాసుకుంటే, పక్కనున్న తోపుడుబండివాణ్ణి కొట్టి నేరం వాడిమీదే మోపాడు.

నాలుగేళ్ల కింద, వానలు వెనకపట్టిన రోజుల్లో, నేను ఆయనకు సాయంగా వెళ్లాను. ఆటు సమయం, ఖాడీలో నీరు తీసి ఉంది, వాలంతా పాకుడు. పోటు వచ్చేదాకా ఆగుదామన్నాను. గట్టు మీద సేటు తొందరపడుతున్నాడని ఆయన వినలేదు. ట్రాలీ జారకుండా చక్రం కింద రాయి పెట్టి నిలబడ్డాను.

"రాయి తియ్యి" అన్నాడు.

జారుతుందేమోనన్నాను.

"తియ్యిరా, నేను బ్రేకు మీదున్న."

తీశాను. పడవ బరువుకు జీపు సైతం జారింది. ట్రాలీ చక్రం నా కుడిపాదం మీదుగా పోయింది. సేటు దిగివచ్చేసరికి బావ నా తలను ఒడిలో పెట్టుకుని, వీడు రాయి సరిగ్గా పెట్టలేదని హిందీలో చెబుతున్నాడు. కనేరి అంతా అదే నమ్మింది. అక్కా నమ్మింది. అప్పటినుంచి నేను కుంటుతూ కండెల దగ్గరే కూర్చుంటున్నాను.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, ఆసుపత్రిలో అక్క మందులకు వెళ్లినప్పుడు ఆయన్ను అడిగాను. "బావా, రాయి తియ్యుమన్నది నువ్వే గదా. అక్కకు ఒక్కసారి చెప్పు."

"గది దేవునికెరుక" అన్నాడు. అక్క రాగానే, నేను తనను బాగా చూసుకుంటున్నానని మెచ్చుకున్నాడు.

ఆయనలా పడవ దింపేవాడు కాల్హేర్‌లో మరొకడు లేడు. ఆ విద్యకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కానీ ఆనాడు ఆ మాట ఎరిగినవాళ్లం ఇద్దరమే. నా పక్షాన చెప్పగలిగిన ఏకైక సాక్షి, నోరు విప్పకుండా సమాధిలోకి పోయాడు. ఈ లోటు నాకు ఎవరూ తీర్చలేరు.