నీ కాలుకు ఆరాం ఇయ్యి

నా కుడి మోకాలు చెడింది శాలిబండ దగ్గరి మా తాలీంలో. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. పంతొమ్మిది వందల ముప్పైల చివర్లో పాతబస్తీలో గల్లీకొకటి ఉండేది. అక్కడ నాతో రోజూ జోర్ చేసేవాడు, అంటే సాధన కుస్తీ పట్టేవాడు, నా జోడీ. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే ముస్లింల ఇంటి పిల్లవాడు. ఒకనాడు వాడు నా కాలు పట్టి తిప్పాడు, నేను తప్పుగా మళ్లాను, మోకాలు కటుక్కుమంది. ఇందులో వాడి తప్పేం లేదు. అయినా ఆ రోజు నాకంటే వాడే ఎక్కువ ఏడ్చాడు, పిచ్చి వెధవ.

మాకు కుస్తీ నేర్పే ఉస్తాద్ కట్టు కట్టాడు. కట్టు విప్పాక నడవగలిగాను గానీ, రెండు బైఠక్‌లు, అదే గుంజీలు, తీస్తే చాలు, సాయంత్రానికి మోకాలు బూరెలా పొంగేది. తగ్గిందనుకున్న ప్రతిసారీ మళ్లీ మొదటికొచ్చేది. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో నిలబడి థాన్లు విప్పి చూపే పని నాది. యజమాని చూడనప్పుడు గోడకు ఆనుకునేవాణ్ణి. మీసాలు సరిగా రాకముందే ముసలివాణ్ణయ్యానని ఒళ్లు మండేది.

ఉస్తాద్ తొందరపడనిచ్చేవాడు కాదు. మొదట నడక, అది కుదిరాక గోడ పట్టుకుని సగం బైఠక్, తర్వాత పార పట్టి గోదాలో మట్టి తవ్వడం, అన్నిటికీ చివర జోర్. మా తాలీంలో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. దెబ్బ తిన్నవాడు లేచాక మొదటి జోర్, ఎవరి చేతిలో దెబ్బ తిన్నాడో వాడితోనే చెయ్యాలి. లేకపోతే ఒకడిలో భయం, ఇంకొకడిలో దిగులు ఉండిపోతాయని ఉస్తాద్ అనేవాడు. అందుకని నా జోడీ అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. నా మోకాలు బాగయ్యేదాకా తానూ లంగోట్ కట్టడట. తాలీం అంతా వాణ్ణి మెచ్చుకుంది. నాకైతే పట్టరానంత గర్వం. అప్పట్నించీ వాడు కుర్తా తియ్యకుండా గోదా గట్టు మీద కూర్చునేవాడు.

తెల్లవారుతూనే నన్ను నడిపించడానికి వచ్చేవాడు. మొదట చార్మినార్ దాకా, కొన్నాళ్లకు పత్తర్‌గట్టి దాకా. నాలుగడుగులు వేశామో లేదో, మూసి ఉన్న ఏదో ఒక దుకాణం అరుగు మీద కూలబడి నా చెయ్యి పట్టి లాగేవాడు.

"జర కూసో భాయ్. నీ కాలుకు ఆరాం ఇయ్యి."

కాలు బాగానే ఉందంటే వినడు. బాలింతను చూసినట్టు చూస్తున్నావేందని తిట్టేవాణ్ణి. వాడు నవ్వేవాడు, నవ్వితే దగ్గేవాడు. రోజంతా బొగ్గుల కుంపటి ముందు లక్క కరిగించేవాడికి దగ్గు రాక ఏమొస్తుందని నేను పట్టించుకోలేదు.

ఒకరోజు నాకు నిజంగానే చిర్రెత్తింది. నయాపూల్ దాకా పోదామంటే రానన్నాడు. రాకపోతే పో అని వాణ్ణి పత్తర్‌గట్టి అరుగు మీద వదిలేసి ఒక్కణ్ణే నడిచాను. వంతెన మీద నిలబడి మూసీని చూసి, అదే ఊపులో తిరిగొచ్చాను. మోకాలు ఒక్కచోట కలుక్కుమంటే ఒట్టు. వాడు ఆ అరుగు మీదే, స్తంభానికి తల ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకు లేచి కూర్చున్నాడు. ఎక్కడిదాకా పోయానో చెబితే వాడి ముఖం వెలిగిపోయింది. మోకాలు నొక్కి చూశాడు, వాపు లేదు. ఇంక జోర్‌కు ఎక్కువ రోజులు పట్టదన్నాను. వాడు తల వంచి నా మోకాలినే ఇంకోసారి నిమిరాడు. అదీ సంతోషమే అనుకున్నాను.

బైఠక్‌లు పూర్తిగా కుదరసాగాయి. మట్టి తవ్వాను. జోర్ చెయ్యమని ఉస్తాద్ అన్న రోజు నుంచి వాడు ఏదో ఒక వంకతో తప్పించుకోసాగాడు. పెళ్లిళ్ల కాలం, గాజుల పని తెమలదన్నాడు. చివరికి నేను వాళ్లింటి ముందు నిలబడి లొల్లి పెడితే వచ్చాడు.

జోర్‌కు ముందు జోడీలు ఒకరి వీపుకు ఒకరు మట్టి పూస్తారు, చెమటకు పట్టు జారకుండా. మట్టిని ముందు రెండు అరచేతుల మధ్య నలిపి, ఉండలు చిదిపి, రాళ్లు ఏరి పూయాలి, జోడీ ఒళ్లు గీరుకోకూడదు కదా. వాడు నాకు పూశాడు. తర్వాత వాడు కుర్తా తీసి నా వైపు వీపు తిప్పాడు. నా చేతికి ఎముకలు తగిలాయి. ఎనుబోతులా ఉండే మనిషి, వీపంతా ఎముకలే. ఒళ్లు కాలిపోతోంది.

నా చేతులు ఆగిపోయాయి. "కానియ్యి," అన్నాడు మెల్లగా. మెడ మీద చెయ్యి వేశాను, వేశానో లేదో వాడు వంగి దగ్గాడు. మట్టి మీద ఎర్రగా పడింది. వాడు కాలితో దాన్ని కప్పబోయాడు. ఉస్తాద్ చూడనే చూశాడు. గోదాలోకి దిగి, తన శాలువా తీసి వాడికి కప్పాడు.

దిక్ అన్నారు వాళ్లింట్లో. మనం క్షయ అంటాం. అప్పట్లో దానికి మందు లేదు. నేను రోజూ పోయి గడపలో కూర్చునేవాణ్ణి, అంతకంటే దగ్గరికి వాడు రానిచ్చేవాడు కాదు. ఒకరోజు కోపం ఆపుకోలేక అడిగేశాను.

"ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు నడుస్తుంటివా?" అన్నాడు. "నా పక్కన కూసుంటుంటివి."

నాకు ఏడుపు ఆగలేదు. నా కాలు పేరు చెప్పి వాడు ఊపిరి తీసుకున్న అరుగులన్నీ కళ్లముందు తిరిగాయి.

వానలు పడకముందే వాడు పోయాడు. వాళ్లలో ఖననానికి పోవడాన్ని మట్టి ఇవ్వడం అంటారు. నన్నెవరూ పరాయివాడనలేదు, జోడీ అని ముందుకు తోశారు. గొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నాను. మోకాలు పూర్తిగా మడతపడింది, నొప్పి లేదు. పిడికిలి నిండా మట్టి తీసుకున్నాను. వెనక మనుషులు ఎదురుచూస్తున్నారు, నేను వెయ్యడం లేదు.

"వెయ్యి బేటా," అన్నాడు ఉస్తాద్ వెనక నుంచి.

అప్పుడు చూసుకున్నాను. రెండు అరచేతుల మధ్య మట్టి నలుపుతూ, అందులోంచి రాళ్లు ఏరుతున్నాను.