సకీనా పంతులమ్మ రైలు దిగని రోజు

మేడ్చల్ స్టేషన్ వైపు నుంచి పొద్దుటి రైలు కూత వినబడితే ఇప్పటికీ నా చేతిలో పని ఒక్క క్షణం ఆగుతుంది. నిజాం పాలన చివరి రోజుల్లో ఆ రైల్లోనే బొల్లారం నుంచి మా ఆడపిల్లల బడికి సకీనా పంతులమ్మ వచ్చేవారు. తాతల కాలంలో ఆఫ్రికా నుంచి నిజాం కొలువుకు వచ్చిన సిద్దీల ఇంటి బిడ్డ. నల్లని ఒళ్లు, రింగుల జుట్టు. బజారులో పెద్దవాళ్లే "హబ్షీ" అని నవ్వేవాళ్లు. హోటలువాడు ఆమెకిచ్చే గ్లాసును విడిగా పెట్టేవాడు.

బడిలో పాఠాలన్నీ ఉర్దూలో. మాకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. ఇక చేసేదేముంది, అల్లరి. అందులో బాలమణిది మొదటి స్థానం. ఒకరోజు అది వెనక నుంచి వచ్చి పంతులమ్మ మోచేతిని తడిగుడ్డతో రుద్దింది. ఆమె చెయ్యి లాక్కోలేదు.

"ఇంకా గట్టిగ రుద్దు బిడ్డా. చిన్నప్పుడు నేను గూడ గట్లనే రుద్దుకున్న. పోలేదు."

బాలమణి గుడ్డ వదిలేసింది.

"ఇగ ఎక్కం జెప్పు. ముందుగాల తెలుగుల జెప్పు. ఉర్దూ తర్వాత నేర్సుకుందాం."

అప్పటినుంచి ప్రతి పాఠమూ మాకు తెలుగు మీదుగానే వచ్చింది. బాలమణి ముందు వరసలోకి మారింది.

దాని తండ్రి మల్లయ్య కూరగాయలు పండించి బొల్లారం అంగడికి బండి తోలేవాడు. ఊళ్లో మాటలు విని ఒక మధ్యాహ్నం బడి గుమ్మంలో నిలబడ్డాడు. "హబ్షీదాని దగ్గర నా బిడ్డ సదువది. రేపటిసంది తోలియ్య."

పంతులమ్మ ముఖం బిగుసుకుంది. గొంతు మాత్రం పెంచలేదు. "మంచిది. పొయ్యేముందు ఒక్కసారి ఇనిపో," అని బాలమణిని చదవమన్నారు. అది తడబడకుండా పాఠమంతా చదివింది. మల్లయ్య వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

మర్నాడు తండ్రి తెల్లారకముందే అంగడికి పోవడంతో బాలమణి బడికి వచ్చేసింది. రైలు వచ్చింది గానీ పంతులమ్మ దిగలేదు. "మా నాయిన మాటకే మానేసింది," అని బాలమణి ఏడ్చింది. అది ఏడవడం మేమెవరమూ అంతకు ముందు చూడలేదు.

ఎండ నెత్తికెక్కే వేళకు మల్లయ్య బండి బడి ముందు ఆగింది. ఖాళీ గంపల మధ్య, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లతో సకీనా పంతులమ్మ.

"ఇయ్యాల కొత్త గార్డు ఒంటి రంగు జూసి రైల్ల ఆడోళ్ల డబ్బల ఎక్కనియ్యలేదంట. బొల్లారం నుంచి నడుసుకుంట వస్తుంటె జూసిన," అన్నాడు మల్లయ్య మా ఎవరి వైపూ చూడకుండా. తర్వాత ఆమెతో, "పైలంగ దిగమ్మా," అన్నాడు.

"నువ్వింక రావనుకున్న," అంది బాలమణి.

"నేను రాకుంటె నీ పదమూడో ఎక్కం ఎవరింటరు?"

అందరం ఒక్కసారిగా నవ్వేశాం. మల్లయ్య ఎడ్లను నీడకు కట్టి, గుమ్మం బయట కూర్చొని ఆ ఎక్కం చివరిదాకా విన్నాడు.

తర్వాత నేనూ పంతులమ్మనయ్యాను. ఆలస్యంగా వచ్చిన పిల్లను గుమ్మంలో నిలబెట్టి తిట్టడం నాకెన్నడూ చేతకాలేదు. ముందు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, దారిలో ఏమైందని అడుగుతాను.